దిష్టి ఉప్పు జాడీ

నేను ఒక ఉప్పు జాడీని. నా భయం ఏమిటో ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత మీరు నన్ను అనుమానపు పీనుగ అనుకున్నా సరే. నాలోంచి తీసిన ఉప్పు, తినకూడని నోట్లోకి పోతుందేమోనని నా భయం. నేనున్న ఇంట్లో అలాంటి నోళ్ళు రెండున్నాయి. ఒకటి పళ్ళు రాని నోరు. ఇంకొకటి పళ్ళు ఊడిన నోరు. ఇల్లంతా కలిసి మొదటి నోటికి కాపలా కాసింది. రెండో నోటి సంగతి నాకొక్కదానికే తెలుసు. నాకూ నోరుంది, అదీ పెద్దదే, కానీ అందులోంచి మాట రాదు.

నన్ను గూడూరు వైపు మట్టితో చేసి బట్టీలో కాల్చారు. పైసగం బెల్లం రంగు, కిందిసగం మీగడ రంగు. కాల్చేటప్పుడు మంట ఒక పక్కకి ఎక్కువ తగిలి నా మూత కొంచెం వంకరపోయింది. ఎంత మెల్లగా తీసినా, ఎంత మెల్లగా పెట్టినా టక్కుమంటుంది. సంతలో అమ్మినాయన దాన్ని లోపమన్నాడు. నేను మాత్రం కాపలా కుక్క మొరుగనుకున్నాను. ఎవరి చెయ్యి లోపలికొచ్చినా నలుగురికీ తెలియాలి కదా.

మొదట చీరాల స్టేషను దగ్గర ఒక భోజన హోటలువాళ్ళు నన్ను కొన్నారు. మనుషుల్ని నమ్మకూడదని నేను నేర్చుకున్నది అక్కడే. కూర వాసన మారితే వంటవాడి చెయ్యి నాలోకొచ్చేది. సాంబారు పలచబడితే మళ్ళీ వచ్చేది. హోటలాయన వంటవాడి చెవిలో, "కూరలో కాస్త ఉప్పెక్కువ తగలనియ్. అన్నం ఎక్కువ తింటారు, కూర రెండోసారి అడగరు" అనేవాడు. తిన్నవాళ్ళు గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగి, తేన్చి, భలే రుచి అని మెచ్చుకుని పోయేవారు. ఉప్పుకీ రుచికీ తేడా తెలియని జాతి మనుషులది. నాకు అప్పుడే అర్థమైంది.

ఆ హోటలుకి ఉప్పు మోసుకొచ్చి పోసేది ఆదెమ్మ. చినగంజాం దగ్గర ఉప్పు కొఠార్లలో కూలికి పోయేది. మళ్ళలోకి ఉప్పునీళ్ళు పెట్టడం, ఎండకి తేలిన ఉప్పుని పారతో గోకి కుప్ప పొయ్యడం, అన్నీ ఒట్టి కాళ్ళతోనే. ఆమె అరికాళ్ళు ఎండిన చెరువు బీటల్లా ఉండేవి. హోటలు మూతపడి సామాన్లు అమ్మేస్తున్న రోజున వచ్చి, "ఇన్నేళ్ళూ నేను పోసిన ఉప్పు తిన్న జాడీ, దీన్ని నాకియ్యండయ్యా" అని అడిగి నన్ను చంకనెత్తుకుని తీసుకుపోయింది. అలా నేను ఆదెమ్మ వంటింటి గట్టు ఎక్కాను.

ఆదెమ్మ చెయ్యి నాకు బాగా తెలుసు. మూడు వేళ్ళు కలిపి లోపలికి దించుతుంది. పొడిచెయ్యి. తడిచేత్తో ఉప్పు ముట్టడం పాపమంటుంది. ఆమె మొగుడు పోయాడు, కొడుకు అంకబాబు ఎదిగి ఆటో తోలుకుంటున్నాడు, కొఠారు పని చాతకాక ఆమె ఇంటిపట్టున ఉండిపోయింది. ఇవన్నీ గడిచినా ఆ మూడు వేళ్ళు మాత్రం మారలేదు. అంకబాబుది దొంగచెయ్యి. మామిడికాయ ముక్కని తడితడిగా నా ఉప్పులో అద్దుకుని పోయేవాడు. తర్వాత వాడికి పెళ్ళయింది. కోటేశ్వరి వచ్చింది.

కోటేశ్వరి చెయ్యి నాలోకి వచ్చినట్టు నాకు గుర్తే లేదు. చిన్న కొయ్య చెంచాతో తీసేది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించారట గాని, ఒకసారి విన్న మాట వదిలిపెట్టే పిల్ల కాదు. దానికి తోడు అనుమానం. పాలు పొంగితే స్టవ్వుని అనుమానిస్తుంది, పొంగకపోతే పాలని అనుమానిస్తుంది. నాకు ఆ పిల్ల నచ్చింది. ఈ ఇంట్లో నాలాంటిది ఇంకొకటి దొరికిందని సంబరపడ్డాను.

పాప పుట్టింది. యశ్విక అని పేరు పెట్టారు. ఆ పేరు నోరు తిరగక ఆదెమ్మ "బంగారుకొండ" అనే పిలుచుకుంది. అన్నప్రాసన అయిన వారంలో కోటేశ్వరి, పాపనీ అత్తనీ తీసుకుని ఆస్పత్రికి పోయి వచ్చింది. వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా మొగుడికి చెప్పడం మొదలుపెట్టింది.

"ఏడాది నిండేదాకా పాపకి ఉప్పు ఎయ్యొద్దంట. పంచదార కూడా వద్దంట. పాలల్లో, కూరగాయల్లో ఉండేదే చాలంట. దాని కిడ్నీలు ఇంకా లేతవంట, మనం ఏసే ఉప్పు వడగట్టలేవంట."

"మరి మేవందరం ఏం తిని పెరిగాం?" అన్నాడు అంకబాబు.

"అదేనయ్యా నేనూ అడిగింది. ఆ డాక్టరమ్మ నా చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, నీకే బీపీ ఎగిరిపోతంది, నువ్వు కూడా మానెయ్ అంది. ఎండుచేప మానెయ్యాలంట, ఆవకాయ మానెయ్యాలంట. అయ్యి రెండూ మానేస్తే ఇంక నాకు మిగిలిందేందంటా?" అంది ఆదెమ్మ.

"బిళ్ళ మిగిలింది, పొద్దున్నే ఏసుకో" అని కోటేశ్వరి అత్త చేతిలో మందుబిళ్ళల అట్ట పెట్టింది. "ఇంట్లో రెండు వంటలు వద్దంట. ఒక్కటే వండి, ముందు పాపది తీసి, ఆ తర్వాత మనకి కొంచెం ఏసుకోమంది."

ఆ రోజునుంచీ వంటింట్లో నా పెత్తనం పోయింది. సొరకాయ పప్పు మెత్తగా ఉడకగానే కోటేశ్వరి నా వైపు చూడకుండా ముందు పాప గిన్నెలోకి గరిటెడు తీసేది. అందులో గుజ్జన్నం కలిపి, నెయ్యి వేసి, వేలితో మెదిపి, పలుకు లేదని తేలాకే పెట్టేది. గుమ్మడికాయ, చిలగడదుంప ఉత్తవే ఉడికించి మెత్తగా చేసేది. ఇడ్లీ పిండిలో ఉప్పు కలపకముందే పాపకని ఒక ఇడ్లీకి సరిపడా పక్కకి తీసి పెట్టేది. రాగిజావలో బాగా పండిన అరటిపండు చిదిపేది. మిగిలిన పప్పులో నా చెంచా సగానికి సగం తగ్గిపోయింది. తగ్గిన చోట వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు పోపు ఘాటుగా పెట్టి, దించాక నిమ్మకాయ పిండేది.

"ఏందే ఇది, ఆస్పత్రి కూడు?" అన్నాడు అంకబాబు మొదట్లో. కొన్నాళ్ళు పోయాక ఆటో స్టాండులో బజ్జీలు తిని వచ్చి, "ఛీ, నోరంతా ఉప్పు కషాయం" అని తనే పుక్కిలించాడు. నాలుక కూడా బడికి పోయే పిల్ల లాంటిదే. నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత అలవాటు పడుతుంది.

పక్కింటి సామ్రాజ్యం ఊరుకుంటుందా? గుమ్మంలో నిలబడి పాప మూతి చూసి, "ఉప్పూ కారం లేకుండా పెంచితే పిల్లకి రోషం యాడనుంచి వచ్చిద్దే? రేపు అత్తగారింట్లో ఎవురేం అన్నా తలూపిద్ది" అంది.

"నువ్వు తిన్న ఉప్పుకి నీకొచ్చిన రోషం చాలులే పిన్నీ. మొన్న చీటీల కాడ చూశాంగా" అని కోటేశ్వరి తలుపు దగ్గరగా వేసింది.

అంతా రచ్చ చేశారు గాని, ఆదెమ్మ మాత్రం చెయ్యలేదు. మొదటిరోజు ఎండుచేప కోసం ఏడిచిన మనిషి, రెండోరోజునుంచీ కంచంలో పెట్టింది పెట్టినట్టు తిని, "బాగుందమ్మా" అని లేచిపోయేది. ఆవకాయ జాడీని అటకెక్కిస్తుంటే తనే కింద నిలబడి అందించింది. కోటేశ్వరి మురిసిపోయింది. నేను మాత్రం అక్కడే అనుమానపడ్డాను. జన్మంతా ఉప్పులో నానిన మనిషి ఒక్కరోజులో చప్పిడికి లొంగుతుందా? లొంగినట్టు కనపడిందంటే ఇంకో దారేదో చూసుకుందన్నమాట.

నాలో మట్టం తగ్గడం మొదలైంది. వంటకి పోయేది తక్కువ, తగ్గేది ఎక్కువ. నా మూత టక్కుమనడం కూడా ఆగిపోయింది. ఎవరో కొంగు చుట్టి మూత తీస్తున్నారు, కొంగు చుట్టి పెడుతున్నారు. కొంగు అడ్డం పెట్టుకుని మూత తీసేవాళ్ళు దేవుడి గదిలోనైనా దొంగలే.

కోటేశ్వరి కూడా కనిపెట్టింది. చెప్పాను కదా, నాలాంటిదే. ఒకరోజు నాలోని ఉప్పుని చెంచా వెనకతో చదును చేసి, జడపిన్ను కొసతో దానిమీద నాలుగు రేకుల పువ్వు గీసింది. నా ముఖం మీద ముగ్గు వెయ్యడం నా జన్మలో అదే మొదలు. పొద్దున వేసింది, పొద్దుగుంకేసరికి చెరిగిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ చెరిగింది. ఆ పిల్ల ముఖం చూస్తే నాకే జాలేసింది. ఎవరినీ ఏమీ అనలేదు. పాప గిన్నెలో మిగిలిన ముద్ద నాలుక మీద వేసుకుని చూసేది. పాప ఎక్కువ నీళ్ళు తాగితే ఎందుకు తాగిందని, తక్కువ తాగితే ఎందుకు తాగలేదని కుమిలిపోయేది. స్నానానికి పోయినా తలుపు ఓరగా తీసి ఉంచి, "అత్తా, పాపకి ఏం పెడతన్నావు?" అని కేకేసేది.

"ఏం పెడతాను, వేలు పెడతన్నా, చీకతంది" అనేది ఆదెమ్మ.

ఒక సాయంత్రం కోటేశ్వరి మందులషాపుకి పోయి వచ్చేసరికి పాప ఆదెమ్మ ఒళ్ళో వెక్కి వెక్కి ఏడుస్తోంది. గబుక్కున అందుకుని బుగ్గమీద ముద్దు పెట్టుకుంది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఆగిపోయింది. నాలుకతో పెదాలు తడుముకుంది.

"ఉప్పగా ఉంది" అంది.

"ఏంది?"

"పాప బుగ్గ ఉప్పగా ఉందత్తా. నిజం చెప్పు. నా బిడ్డకి ఏం పెట్టావు?"

ఆదెమ్మ, "గంటసేపు ఏడిసిన పిల్ల బుగ్గ ఉప్పగా కాకపోతే తియ్యగా ఉండిద్దంటే? నీ కన్నీళ్ళు ఎప్పుడూ నోట్లోకి కారలేదా?" అంది.

కోటేశ్వరి తగ్గలేదు. నన్ను గట్టుమీంచి తెచ్చి ఆదెమ్మ ముందు పెట్టి మూత తీసింది. మూత టక్కుమంది. "మరి ఈ పువ్వు ఎవరు చెరిపారు? రోజూ గీస్తన్నా, రోజూ చెరిగిపోతంది. నువ్వు కాకపోతే ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఇన్నాళ్ళకి దొంగ దొరికిందనుకున్నాను. ఆదెమ్మ తల వంచుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నేనేనే" అంది. "సందెవేళ నువ్వు దీపం పెట్టే దాకా ఉండి, గుప్పెడు తీసి పిల్లకి దిష్టి తీస్తన్నా. ఆ సామ్రాజ్యం కళ్ళు మంచియ్యి కావు. వచ్చినప్పుడల్లా బుగ్గలు చూసి పోయిద్ది. నువ్వేమో సదువుకున్నదానివి, ఇట్టాంటియ్యి చేస్తే ఎక్కిరిస్తావని చెప్పలా. తిప్పి తీసి తొట్టి కాడ నీళ్ళల్లో కలిపేస్తన్నా. నా మనవరాలి నోట్లో ఉప్పుగల్లు ఏశానంటే ఈ కళ్ళు పోతాయి."

అది నిజమే. ఆ గుప్పెడు నాకు తెలుసు. వదులుగా, ప్రేమగా తీసుకునే గుప్పెడు. పాప చుట్టూ మూడుసార్లు తిరిగి నీళ్ళలో పడి కరిగిపోయేది. నాలోంచి పోయిన ఉప్పులో ఎవరికీ చెడు చెయ్యనిది అదొక్కటే.

కోటేశ్వరి అక్కడే నేలమీద చతికిలబడి, ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. "దిష్టి తీస్తే నేనెందుకు వద్దంటానత్తా? నేనే తీద్దామనుకుంటన్నా, నువ్వెక్కడ నవ్వుతావో అని" అంది. అత్తాకోడళ్ళు ఒకరి ముక్కు ఒకరు తుడిచారు. మధ్యలో పాప నా మూత పట్టుకుని నేలకేసి కొట్టింది.

అప్పుడు కోటేశ్వరి ఒక తప్పు చేసింది. మంచి మనసుతో చేసింది. అనుమానమంతా ఒక్కసారి వదిలేసిన మనిషి చేసే తప్పు.

"ఇంక కొంగు చాటున ఎందుకులే అత్తా. ఈ జాడీ నువ్వే ఉంచుకో, పెరటి వసారాలో పెట్టుకో. గళ్ళుప్పు కూడా నేనే తెచ్చి పోస్తా, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిష్టి తియ్. వంటకి అయోడిన్ ఉన్న పొడుప్పు వాడమంది డాక్టరమ్మ, చిన్న డబ్బాలో పోసుకుంటా."

నేను అరవాలనుకున్నాను. పిల్లా, గుప్పెడుకి లెక్క చెప్పింది, చిటికెడుకి చెప్పలేదు! దిష్టికి పోయేది సందెవేళ గుప్పెడు. మరి మధ్యాహ్నం పూట, పాపని జోకొడుతూ నువ్వు కూడా కునుకు తీసేటప్పుడు, కొంగు చుట్టుకుని నాలోకి దిగే మూడు వేళ్ళు ఎవరివి? వంటింట్లో అయితే ఇన్నాళ్ళూ భయపడుతూనే తీసింది. నీ ముగ్గుకి జడిసి కొద్దిగానే తీసింది. ఇప్పుడు నన్ను ఆమె చేతిలోనే పెడుతున్నావే!

జాడీ అరిస్తే ఎవరికి వినపడుతుంది?

ఇప్పుడు నేను పెరటి వసారాలో, రోటి పక్కన ఉంటున్నాను. నా ముఖం మీద పువ్వు గీసే చెయ్యి లేదు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఆదెమ్మ వస్తుంది. గిన్నెలో కాస్త అన్నం, దానిమీద మజ్జిగ. నా మూత తీస్తుంది. ఇక్కడ కొంగు అక్కర్లేదు, టక్కుమన్నా లోపలికి వినపడదు. మూడు వేళ్ళతో ఒకసారి వేస్తుంది, కలిపి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. మళ్ళీ ఒకసారి వేస్తుంది. పచ్చి మామిడికాయ దొరికిన రోజు చెప్పనక్కర్లేదు. పళ్ళు లేక చిగుళ్ళతోనే చప్పరిస్తుంది. ఆ ముఖంలో అంత హాయి చూస్తే, నన్ను నేనే తిట్టుకుంటూ కూడా, పోనీలే అనిపిస్తుంది.

"చెప్పబోకే" అంటుంది నాతో. "ఎండలో మాడి నిన్ను పండించింది నేను. నా నోటికి లేకపోతే ఎట్టా? మూడుపూటలా చప్పిడి తింటంటే, బతికున్నానో లేదో తెలియట్లా."

మందుబిళ్ళ వేసుకుంటోంది, అది నిజం. బిళ్ళ వేసుకుంటున్నాను కాబట్టి ఉప్పు తిన్నా సరిపోతుందని ఆమె లెక్క. గొడుగు ఉంది కదా అని వానని పిలిచే లెక్క.

నేను ఖాళీ అవుతుంటే కోటేశ్వరి తెచ్చి పోస్తూనే ఉంది. మొన్న పోస్తూ, "దిష్టికి ఇంత ఉప్పు పట్టిద్దా అత్తా!" అంది. నేను ఆశపడ్డాను. పాత కోటేశ్వరి అయితే ఆ మాట దగ్గర ఆగి ఆలోచించేది.

ఆదెమ్మ తడుముకోలేదు. "ఊరందరి కళ్ళూ నీ కూతురి మీదే గదే! అంత అందాన్ని కన్నది నువ్వు, ఉప్పు ఖర్చుకి ఏడిస్తే ఎట్టా?" అంది. కోటేశ్వరి సిగ్గుపడి నవ్వి, ఇంకో దోసెడు పోసింది. తల్లి కళ్ళు మూయించాలంటే బిడ్డ అందం గురించి చెబితే చాలు.

ఆదెమ్మ కాళ్ళు చూస్తున్నాను. నా ఎత్తునుంచి నాకు ముందు కనపడేవి కాళ్ళే. పొద్దున కొంచెం తగ్గి ఉంటాయి, మధ్యాహ్నానికి నిండుతాయి. హవాయి చెప్పులు ఎక్కించబోయి ఎక్కక, వాటిని రోటి కింద పడేసి ఒట్టి కాళ్ళతో తిరుగుతోంది. చెప్పుల పట్టీలు ఒరుసుకున్న చారలు పాదాలమీద అలాగే ఉండిపోయాయి. కోటేశ్వరి ఒకసారి చూసింది.

"కాళ్ళు వాచినట్టున్నాయేందత్తా?"

"కొఠారు కాళ్ళమ్మా. ఉప్పునీళ్ళలో నానిన కాళ్ళు ఇట్టాగే ఉంటాయి. నీకు తెలవదులే."

అబద్ధం. కొఠారు కాళ్ళు నాకు తెలుసు. నన్ను చంకనెత్తుకుని నడిచిన కాళ్ళవి. అవి బీటలు వారతాయి, ఎండిపోతాయి. ఇలా నీరు పట్టి నిగనిగలాడవు. కానీ ఆ ఇంట్లో కొఠారు చూసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె చెప్పిందే వేదం.

ఈ రోజు మధ్యాహ్నం పాప పాక్కుంటూ వసారాలోకి వచ్చింది. చూస్తుండగానే ఏడాదికి దగ్గరపడింది, కింద రెండు పళ్ళు వచ్చాయి. బుగ్గలు నున్నగా, దిష్టి తగిలేట్టే ఉంది. ఆదెమ్మ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది, మజ్జిగన్నం గిన్నె కొంగు కింద ఉంది. పాప ఆ పాదాల దగ్గర ఆగి, చిట్టి వేలితో ఒకదాన్ని పొడిచింది. వేలు తీసింది. పొడిచిన చోట చిన్న గుంట పడింది. అది పూడలేదు. పాపకి అది వింతైపోయింది. కిలకిలా నవ్వి, దాని పక్కనే ఇంకోటి పొడిచింది. దాని పక్కన ఇంకోటి. గుంటలు వరసగా నిలిచిపోయాయి.

"చూడండమ్మా నా బంగారుకొండని! అవ్వ కాలిమీద ఉప్పు మళ్ళు కడతంది!" అని ఆదెమ్మ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. గోడకి తల ఆనించి కాసేపు నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంది.

లోపల్నుంచి కోటేశ్వరి నిద్రగొంతుతో కేకేసింది. "అత్తా, పాప నోట్లో ఏమన్నా పెట్టుకుందా?"

"లేదులే. ఆడుకుంటంది. నువ్వు పడుకో."

కోటేశ్వరి పడుకుంది. ఆమె అడిగింది పాప నోటి గురించే. ఆ జవాబు నిజమే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఈ వైపు వస్తే, ఆటో అంకబాబు ఇల్లని అడగండి, ఎవరైనా చూపిస్తారు. ముందు వాకిట్లో పాపని ముద్దు చేసి వెనక్కి తిరిగి పోకండి, అందరూ అదే చేస్తున్నారు. పెరటి వసారాలోకి రండి. ఆదెమ్మ కాళ్ళు కొంగుతో కప్పుకుంటుంది, కొఠారు కాళ్ళంటుంది, నమ్మకండి. పెద్దావిడ కాళ్ళకి దండం పెట్టే నెపంతో కూర్చుని, పాదంమీద బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూడండి. గుంట పూడకపోతే కోటేశ్వరిని లేపండి. దాని అనుమానం మంచిది, చాలా మంచిది. అది చూడాల్సిన చోటు ఇంకొకటి ఉందని ఎవరైనా చెబితే చాలు. త్వరగా వచ్చి చూడండి.